అచ్చం అలాగే ఉంటే చాలదు!

పాత కారుకు రంగు పోతే మళ్లీ వేయించుకోవచ్చు. సీటు చిరిగితే కుట్టించుకోవచ్చు. ఇంజను మొరాయిస్తే బండి ఉన్నచోటే ఆగిపోతుంది, నలుగురు నెడితే ఇంటికి చేరుతుంది. స్టీరింగులో చేరిన తప్పుడు ముక్క సంగతి అలా కాదు. పది రోజులు బాగానే నడిపిస్తుంది. పదకొండో రోజు, మలుపులో, ఇంటిల్లిపాదీ కారులో ఉన్నప్పుడు చేతిలోని చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంది. అప్పుడు చేయడానికి ఏమీ మిగలదు.

పాత కార్లను బాగు చేయించుకోవాలన్న ముచ్చట హైదరాబాద్ బంజారాహిల్స్‌కే పరిమితమేమీ కాదు. జనగామ జిల్లా కొడకండ్లలోనైనా, పక్కనున్న పాలకుర్తి, దేవరుప్పులలోనైనా 'మా తాత కొన్న బండి' అన్న మాటలో ఉండే మమకారం ఒక్కటే. కొడకండ్లలో ఒక ఇంటి వెనక రేకుల కొట్టం కింద పాతికేళ్లుగా కదలని అంబాసిడర్ ఉందనుకుందాం. మనవడికి ఉద్యోగం వచ్చింది, చేతిలో నాలుగు రాళ్లు ఆడుతున్నాయి. తాత బండిని మళ్లీ రోడ్డెక్కించాలని ముచ్చటపడ్డాడు. పెయింటరు దొరికాడు, సీట్లు కుట్టేవాళ్లు దొరికారు. బండి తళతళలాడింది. మరి ముందు చక్రాలను తిప్పే సామాను?

అక్కడే 'పైన పటారం లోన లొటారం' అన్న సామెత నిజమయ్యేది!

ఎడ్లబండికి లేని చిక్కు

ఎడ్లబండికి స్టీరింగు లేదు. ఇరుసు ఒక్కటే, చక్రాలు రెండే. పగ్గం లాగితే ఎడ్లు తిరుగుతాయి, ఎడ్ల వెంట కాడి, కాడి వెంట బండి. చక్రాలు నాలుగైనప్పుడే అసలు చిక్కు మొదలైంది. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వలయంలో, బయటి చక్రం పెద్ద వలయంలో పోవాలి. రెండూ ఒకే కోణంలో తిరిగితే ఏదో ఒకటి నేలను రాసుకుంటూ ఈడ్చుకుపోతుంది.

లోపలి చక్రం కాస్త ఎక్కువగా, బయటిది కాస్త తక్కువగా తిరిగే ఏర్పాటును గుర్రపు బగ్గీల కోసం జర్మనీకి చెందిన గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టాడు. ఆయన తరఫున 1818లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేరే దానికి స్థిరపడిపోయింది. కార్లు పుట్టకముందే పుట్టిన ఆ ఉపాయమే నేటికీ కార్లను తిప్పుతోంది.

ఈ కోణాల లెక్క ఎక్కడుంటుంది? టై రాడ్ పొడవులో, చక్రం వెనకుండే స్టీరింగ్ ఆర్మ్ వంపులో ఉంటుంది. అంటే వేరే బండి ఆర్మ్ తెచ్చి బిగిస్తే, బోల్టులు చక్కగా కూర్చున్నా లెక్క తప్పిపోతుంది. మలుపులో టైర్లు కీచుమంటాయి, వేల రూపాయల టైరు నెలల్లో అరిగిపోతుంది. చాలామంది టైరును తిడతారు. తప్పు దానిది కాదు!

పాత బండ్లలో స్టీరింగులు ముఖ్యంగా రెండు తీర్లు. మొదటిది ర్యాక్ అండ్ పినియన్. స్టీరింగు కడ్డీ కొసనున్న చిన్న పళ్ల చక్రం, అడ్డంగా ఉన్న పళ్ల కడ్డీని అటూ ఇటూ జరుపుతుంది. అంబాసిడర్‌ది ఇదే తీరు. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌దీ ఇదే. రెండోది గేర్ బాక్స్ తీరు. కడ్డీ కొసన మర లాంటి వర్మ్ ఉంటుంది. అది ఒక షాఫ్టును కదిపితే, దానికి బిగించిన పిట్‌మన్ ఆర్మ్ ఊగి మిగతా కడ్డీలను లాగుతుంది. ఫియట్, ప్రీమియర్ పద్మిని, జీపు ఈ జాతివి. ఈ రెండో తీరులో కీళ్లు ఎక్కువ. కీళ్లు ఎక్కువైతే పొరపాటుకు చోటూ ఎక్కువే.

పేరొకటే... లోపల వేరు

హైదరాబాద్‌లో రాణిగంజ్, వరంగల్‌లో, విజయవాడలో ఆటోనగర్... పాత బండి సామాను కోసం మన వాళ్లు తిరిగే చోట్లు ఇవే. అలాంటి ఏ దుకాణంలోనైనా వినిపించే సంభాషణ దాదాపు ఇలాగే ఉంటుంది.

"అన్నా, అంబాసిడర్‌కు టై రాడ్ ఎండ్ కావాలె."

"ఏ మోడలు తమ్మీ?"

"తెల్వదన్నా. మా తాత కొన్న బండి."

"పాత ముక్క పట్టుకొచ్చినవా?"

"లేదన్నా. మిస్త్రీ కబాడీల ఏసిండు."

"అట్లయితే నేనేమియ్యాలె? ఏది ఇచ్చినా ఇగ నీ నసీబే!"

దుకాణదారు మాటలో వెటకారం ఉన్నా అబద్ధం లేదు. అంబాసిడర్ అంటే ఒక బండి కాదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 1957లో మొదలుపెట్టిన ఆ కారు 2014 మే వరకూ తయారైంది. యాభై ఏడేళ్లు! పైకి బొద్దు ఆకారం పెద్దగా మారలేదు గానీ లోపల చాలా మారింది. ఇంజన్లు మారాయి, డీజిల్ వచ్చింది, తర్వాత ఇసుజు ఇంజను వచ్చింది. స్టీరింగు పక్కనుండే గేరు కర్ర నేల మీదకు దిగింది. గేరు కర్ర పక్కనున్న బండి స్టీరింగు కడ్డీ తొడుగుకు, ఆ కర్రను పట్టే బిగింపులుంటాయి. నేల మీద గేరున్న బండి తొడుగుకు వాటి అవసరం లేదు. ఒకటి చూసి రెండోది కొంటే ఇంటికొచ్చాక నాలుక కరచుకోవాల్సిందే.

ఫియట్ కథా అంతే. ముంబయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన ఫియట్ 1100 కాలక్రమంలో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, తర్వాత 1970ల్లోనే పద్మిని అయింది. 'ఫియట్ సామాను' అని ఇటలీ నుంచి తెప్పించుకునే ఉత్సాహవంతులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి కార్లకు స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది, మనకు కుడి పక్కన. డోరు పిడి, దీపం అద్దం సరిపోతే సరిపోవచ్చు. స్టీరింగు బాక్సు సరిపోదు.

ముందు బండి జాతకం, తర్వాతే ముక్క

అందుకే ముక్కను గుర్తుపట్టే పని బండిని గుర్తుపట్టడంతో మొదలవుతుంది. ఆర్‌సీ పుస్తకంలో తయారైన సంవత్సరం, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఉంటాయి. బానెట్ కింద ఉండే కంపెనీ రేకు మీదా, ఛాసిస్ మీదా కొట్టిన అంకెలతో వాటిని పోల్చి చూడాలి. మూడూ కలిస్తే మంచిదే. కలవకపోతే మధ్యలో ఎవరో ఇంజనో, ముందు భాగమో మార్చారని అర్థం. అలాంటప్పుడు పుస్తకంలోని సంవత్సరాన్ని నమ్మి ముక్కలు కొనకూడదు. బండి మీద నిజంగా ఏముందో చూసి కొనాలి.

ఇక విప్పే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇప్పుడు అందరి చేతిలో సెల్‌ఫోనుంది కదా... అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయాలి. ఏ ముక్క ఏ పక్కదో చీటీ కట్టాలి. టై రాడ్ కొసన బయటకు కనబడే మరలెన్నో లెక్కపెట్టి రాసుకోవాలి. పిట్‌మన్ ఆర్మ్ తీసే ముందు దాని మీదా, షాఫ్టు మీదా కలిసేలా పంచ్‌తో చుక్క పెట్టాలి. పది నిమిషాల పని. ఇది చేయనివాళ్లు తర్వాత పది రోజులు తల పట్టుకుంటారు.

అన్నిటికన్నా ముఖ్యం... పాత ముక్కను పారేయకూడదు. అరిగిపోయినా, విరిగిపోయినా సరే. కొత్త ముక్క సరైనదో కాదో చెప్పగల సాక్షి అదొక్కటే. అయితే ఆ సాక్షినీ ఒకసారి అనుమానించాలి. నలభై ఏళ్ల కింద ఏ మిస్త్రీయో దొరికిందేదో బిగించి పంపి ఉండవచ్చు కదా! అందుకే రెండో పక్క చక్రం దగ్గరున్న జత ముక్కతో, వీలైతే అదే కాలపు ఇంకో బండితో, కంపెనీ పార్ట్స్ కేటలాగు బొమ్మతో పోల్చి చూస్తే ధైర్యం.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

కిరోసిన్‌తో మడ్డి కడిగేస్తే చాలా ముక్కల మీద ఉబ్బెత్తుగా అంకెలు కనబడతాయి. వాటిని చూడగానే 'పార్ట్ నంబరు దొరికింది' అని సంబరపడతారు. తొందరపడకూడదు. పోత పోసినప్పుడు అచ్చులోనే వచ్చే నంబరు వేరు, కేటలాగులో ఉండే పార్ట్ నంబరు వేరు. ఒకే పోతను తెచ్చి ఒకదానికి ఒక కొలతలో, ఇంకోదానికి ఇంకో కొలతలో రంధ్రం తొలిచి రెండు వేర్వేరు మోడళ్లకు వాడటం కార్ల కంపెనీలకు మామూలే. పోత నంబరు కలిసినా ముక్క కలవకపోవచ్చు. ఆ నంబరు దారి చూపుతుంది, ఇల్లు చూపదు.

కొన్ని గుర్తులు మాత్రం కథలే చెబుతాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1941-45 మధ్య అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. నమూనా ఒక్కటే కావడంతో ఒకదాని ముక్క రెండోదానికి సరిపోతుంది. కానీ ఫోర్డ్ తన ముక్కల మీద, చివరికి బోల్టుల మీద కూడా 'ఎఫ్' అక్షరం ముద్ర వేసింది. యుద్ధకాలం నాటి ఫోర్డ్ జీపును బాగుచేయించేవాళ్లు ఇప్పటికీ భూతద్దం పట్టుకుని ఆ ఒక్క అక్షరం కోసం పాత ఇనుము కుప్పలు గాలిస్తారు. విల్లీస్ ముక్క వేసినా బండి నడుస్తుంది, ప్రాణానికి ముప్పేమీ లేదు. అది అచ్చమైనదా కాదా అన్న పట్టుదల మాత్రమే. అచ్చమైనది వేరు, సరైనది వేరు. ఈ తేడా తెలిసినవాళ్లు ఎక్కడ పట్టు విడవాలో, ఎక్కడ విడవకూడదో తేల్చుకోగలరు.

మరలో ఉంది మర్మం

మిస్త్రీలు 'చూడీ' అని పిలిచే మరల దగ్గర మోసపోయినంతగా ఇంకెక్కడా మోసపోరు. పాత అంబాసిడర్‌ది అంగుళాల లెక్క. జీపుది అమెరికా అంగుళాల లెక్క. ఫియట్‌ది మిల్లీమీటర్ల లెక్క. చూపుకు అన్ని బోల్టులూ ఒకటే!

ఒక ఉదాహరణ. అంగుళంలో 16వ వంతులు ఐదు, అంటే 5/16 అంగుళం బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు. మెట్రిక్ బోల్టు 8 మిల్లీమీటర్లు. తేడా వెంట్రుకవాసి. కానీ మొదటిదానికి, సన్న మర రకంలో, అంగుళానికి 24 చుట్లు. రెండోదానికి మామూలు రకంలో సుమారు 20. ఒకదాని నట్టు రెండోదానికి వేస్తే ఒకటి రెండు చుట్లు చక్కగా ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. 'తుప్పేమో' అనుకుని పానాతో బలం పెడితే అంతే సంగతులు. గట్టిగా బిగిసినట్టే ఉంటుంది గానీ లోపల మరలు నలిగిపోయి ఉంటాయి. గుంతల రోడ్డు మీద ఎన్నాళ్లు నిలుస్తుందన్నది దేవుడికే ఎరుక.

సూత్రం తేలిక. నైలాన్ పట్టీ ఉన్న లాక్ నట్లు మినహాయిస్తే, శుభ్రం చేసిన ఏ నట్టయినా చివరిదాకా చేత్తోనే ఎక్కాలి. ఎక్కకపోతే అది దాని జత కాదు. మరల కొలత చూసే గేజీ, ఒక వెర్నియర్ ఉంటే ఈ అనుమానం క్షణంలో తీరుతుంది. ఇంకో మాట... చాలా బండ్లలో టై రాడ్‌కు ఒక కొసన కుడి మర, రెండో కొసన ఎడమ మర ఉంటాయి. నడుమ కడ్డీని తిప్పి పొడవు సర్దుకోవడానికి ఆ ఏర్పాటు. రెండు కొసలకూ ఒకే రకం ముక్కలు కొని తెచ్చుకుని, 'రెండోది ఎక్కడం లేదేమిటా' అని చూసేవాళ్లు తక్కువేం కాదు.

కొసదేరిన పిన్ను, లెక్క కుదరని పళ్లు

బాల్ జాయింట్ పిన్ను నిలువుగా సమంగా ఉండదు. పైకి పోనుపోను సన్నబడుతుంది. స్టీరింగ్ ఆర్మ్ రంధ్రం కూడా అదే వాలులో సన్నబడుతుంది. రెండు వాలులూ అచ్చంగా కలిస్తే పిన్ను చుట్టూ అతుక్కుని కూర్చుంటుంది. బరువంతా ఆ పట్టు మోస్తుంది, నట్టు కాపలా మాత్రమే. వాలు రవ్వంత తేడా వచ్చినా పిన్ను ఒక్క అంచు దగ్గరే ఆనుతుంది. చూపుకు తెలియదు, చేత్తో కదిపితే తెలియదు. కానీ నడుస్తున్నకొద్దీ ఊగుతుంది. ఊగిన పిన్ను ఏదో ఒకరోజు విరుగుతుంది.

దీన్ని కనిపెట్టడానికి లేత్ షాపు వాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిన చిట్కా ఉంది. పిన్ను మీద ప్రష్యన్ బ్లూ రంగు పలుచగా రాసి, రంధ్రంలో పెట్టి కొద్దిగా తిప్పి తీస్తారు. రంగు రంధ్రమంతా సమంగా అంటితే జత కుదిరినట్టు. ఒక్క వలయంలా అంటితే ఆ ముక్క దుకాణానికి తిరిగి పోవాల్సిందే. పిన్ను మరీ లోపలికి దిగి నట్టు బిగుసుకోకపోతే కింద రెండు వాషర్లు వేసి 'సెట్' చేసే మిస్త్రీలుంటారు. వాళ్లకు దండం పెట్టి బండి వెనక్కి తెచ్చుకోవడమే మేలు. బిగించాక స్ప్లిట్ పిన్ను కొత్తదే వేయాలి. రంధ్రం కలవడం కోసం నట్టును వెనక్కి వదులు చేయకూడదు. ముందుకే బిగించి కలపాలి.

పిట్‌మన్ ఆర్మ్, స్టీరింగు చక్రం కూర్చునే చోట షాఫ్టు చుట్టూ సన్నని గాడి పళ్లుంటాయి. ఇక్కడ కొడకండ్ల వాళ్లకు వేరే పాఠం అక్కర్లేదు. మగ్గాల ఊరు కదా! పడుగు పోగుల లెక్కకు తగ్గ పన్నె లేకపోతే గుడ్డ కుదరదని నేతన్నకు చెప్పాల్సిన పని లేదు. ఇదీ అంతే. షాఫ్టు మందం ఒకటే అయినా పళ్ల సంఖ్య వేరైతే అది వేరే బండి ముక్కే. సుత్తితో దిగ్గొట్టి కూర్చోబెట్టిన ఆర్మ్, లోపలి పళ్లను చెక్కేసి కూర్చుంటుంది. బరువు పడ్డ రోజున జారుతుంది.

పళ్లు కలిసినా స్థానం తప్పకూడదు. గేర్ బాక్స్ తీరు స్టీరింగులో సరిగ్గా నడిమధ్యన 'ప్లే' అన్నిటికన్నా తక్కువగా ఉండేలా తయారుచేస్తారు, బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి. చక్రం వంకరగా కనబడుతోందని దాన్ని ఊడదీసి తిన్నగా పెట్టేస్తే కంటికి బాగుంటుంది. కానీ బాక్సు మాత్రం నడుమ కాకుండా ఓ పక్కకు జరిగే ఉంటుంది. సరిచేయాల్సింది టై రాడ్‌ల దగ్గర, చక్రం దగ్గర కాదు.

కుడి ఎడమల తిరకాసు

మండలాలు రాకముందు, సమితుల కాలంలో పల్లెకు జీపు వచ్చిందంటే సర్కారు వచ్చినట్టే. ఆ కాలపు మహీంద్రా జీపుల్లో కొన్నిటికి స్టీరింగు కుడి పక్కన. యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన అమెరికా జీపులకు ఎడమ పక్కన. రెండింటి బాక్సులూ అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి తిరగబడి ఉంటాయి. బల్ల మీద పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. ఒకదాని బదులు రెండోది బలవంతంగా బిగిస్తే కుడికి తిప్పినప్పుడు బండి ఎడమకు పోయే ప్రమాదమూ ఉంది. నవ్వులాట కాదు!

పాత జీపుల్లో ఇంకో కీలు ఉంది. ముందు ఇరుసు నడుమ 'బెల్ క్రాంక్' అనే చిన్న ముక్క ముందూ వెనకల కదలికను అడ్డ కదలికగా మారుస్తుంది. స్టీరింగు వదులుగా ఉందని బాక్సు మార్పించి, వేలు ఖర్చుపెట్టి, చివరికి అరిగింది ఈ కీలేనని తెలుసుకున్నవాళ్లున్నారు. దాని రెండు పక్కలా ఉండే టై రాడ్‌లు కూడా ఒకే పొడవుండవు. జత కదా అని ఒకే కొలతలో రెండు చేయిస్తే చక్రాలు చెరో దిక్కు చూస్తాయి.

హెరాల్డ్ కారుది మరో తరహా. దాని ముందు చక్రం కిందుగా ట్రనియన్ అనే కంచుజాతి ముక్క ఉంటుంది. అందులో మర ఉన్న నిలువు కడ్డీ తిరుగుతుంది. ఎడమ పక్కది ఎడమ మర, కుడి పక్కది కుడి మర. ఒకదాని చోట ఒకటి పనికిరావు. పైగా దానికి గ్రీజు కాదు, గేరు నూనె పోయాలి. కనబడే నిపిల్‌లోకి అలవాటుగా గ్రీజు కొట్టి వదిలేస్తే మరల లోపలికి చేరాల్సిన నూనె చేరదు. తుప్పుతో సన్నబడిన కడ్డీ విరిగి చక్రం పక్కకు పడిపోయిన ఉదంతాలు ఈ జాతి కార్ల చరిత్ర నిండా ఉన్నాయి. సరైన ముక్క తేవడంతో పని అయిపోదనీ, దానికి సరైన మేత కూడా పెట్టాలనీ ఈ కారు చెబుతుంది.

అతుకుల బతుకు వద్దు

ముక్క దొరకలేదు. ఏం చేయాలి? మన దగ్గర మొదట వినిపించే జవాబు 'వెల్డింగ్ కొట్టిద్దాం'. సైలెన్సరుకు సరే, బంపరుకు సరే. స్టీరింగ్ ఆర్మ్‌కు, టై రాడ్‌కు, పిట్‌మన్ ఆర్మ్‌కు మాత్రం వద్దే వద్దు. అవి కాల్చి, సాగ్గొట్టి, తగిన వేడిమి చూసి గట్టిపరచిన ఉక్కు. గ్యాస్ మంట తగిలితే ఆ గట్టిదనం పోతుంది. అతికిన చోటు బాగానే ఉంటుంది, దాని పక్కన వేలెడు దూరంలో పగులు మొదలవుతుంది. కాల్చి వంచి 'సెట్' చేయడం కూడా ఇదే తప్పు.

ఇక దొరికే ముక్కలు మూడు రకాలు. ఎప్పుడో తయారై, వాడకుండా డబ్బాలోనే ఉండిపోయిన పాత సరుకు ఒకటి. కొలతలు సరిగ్గా ఉంటాయి, కానీ లోపలి గ్రీజు గట్టిపడి, రబ్బరు తొడుగు పెళుసెక్కి ఉంటుంది. ఆ రెండూ మార్చుకుంటే బంగారం. రెండోది కొత్తగా తయారైన నకలు. రూపం బాగుంటుంది, ఉక్కు ఎలాంటిదో తెలియదు. తయారీదారు పేరు లేని ముక్కను స్టీరింగులో వాడకపోవడం ఉత్తమం. మూడోది పాత బండి నుంచి ఊడదీసింది. దీన్ని కడిగి, ఎర్ర రంగు చొరబెట్టి తెల్లపొడి చల్లే డై పెనెట్రెంట్ పరీక్ష చేయించాలి. కంటికి కనబడని పగులుంటే తెల్లపొడి మీద ఎర్ర గీతలా తేలుతుంది. ఖర్చు కొంచెమే. దవాఖాన ఖర్చుతో పోలిస్తే అసలు లెక్కే కాదు.

నిజాం కారు నుంచి మన కారు దాకా

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు పోయినవాళ్లు అక్కడి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకున్న 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. బండి చేతికందకముందే 1911లో ఆయన కన్నుమూశారు. అది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. ఆ తరం కార్ల స్టీరింగు చక్రం నడుమ ఇంజనును అదుపు చేసే చిన్న మీటలూ ఉండేవి. అంటే చక్రం మారిస్తే పోయేది అందం ఒక్కటే కాదు, బండి నడిపే తీరే పోతుంది. చక్రవర్తుల కారైనా, పల్లెటూరి కారైనా సూత్రం ఒకటే. ప్రతి ముక్కకూ ఒక పని ఉంది, ఆ పని తెలిశాకే దాన్ని ముట్టుకోవాలి.

చట్టం సంగతీ చూసుకోవాలి. కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన కార్లు, ద్విచక్ర వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. నంబరులో 'వీఏ' అక్షరాలుంటాయి. కొత్త నమోదుకు రుసుము 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత పొడిగింపుకు 5 వేలు. షరతు ఒక్కటే... ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపం చెడగొట్టకూడదు. వేరే బండి స్టీరింగు బాక్సు ఇరికించడానికి ఛాసిస్ కోసి అతికించారంటే ఆ అర్హతకే ఎసరు రావచ్చు. పైగా ఇలా నమోదైన బండిని ర్యాలీలకు, ప్రదర్శనలకే గానీ రోజువారీ అవసరాలకు, కిరాయికి తిప్పకూడదు. మామూలు నంబరు మీదే ఉంచుకుంటే పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. అక్కడా స్టీరింగు చూడకుండా సంతకం పడకూడదు, పడనివ్వకూడదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు

పాత బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ చిన్న పరీక్షలు చేసుకోవచ్చు. సమతలంగా ఉన్నచోట బండి ఆపి, ఇంజను ఆపేసి, ఒకరు స్టీరింగు చక్రాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. ఇంకొకరు టార్చిలైటుతో ముందు వైపు నుంచి ఒక్కో కీలునూ చూడాలి. ఏ కీలు దగ్గర ఒక పక్క కదిలి రెండో పక్క ఆలస్యంగా కదులుతుందో అక్కడే అరుగుదల ఉంది.

తర్వాత ముందు భాగం జాకీతో ఎత్తి, కింద గట్టి స్టాండు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చేయి పెట్టకూడదు. గడియారంలో 9, 3 అంకెలుండే చోట టైరును రెండు చేతులా పట్టి ఊపితే టై రాడ్ కీళ్ల సంగతి తెలుస్తుంది. 12, 6 అంకెల దగ్గర పట్టి ఊపితే కింగ్ పిన్ను, బేరింగు సంగతి తెలుస్తుంది. ఆ రెంటిలో ఏదో తేల్చుకోవాలంటే ఒకరిని బ్రేకు నొక్కి పట్టమనాలి. ఊగడం ఆగిపోతే బేరింగుది తప్పు. ఆగకపోతే కింగ్ పిన్నుది.

కొత్త ముక్కలు బిగించాక చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. ఎక్కడా బిగుసుకోకూడదు, బ్రేకు గొట్టానికి ఏదీ తగలకూడదు. రెండు వైపులా సమానంగా తిరగాలి. వీల్ అలైన్‌మెంట్ చేయించాక మొదటి ప్రయాణం ఖాళీ మైదానంలోనే. వంద కిలోమీటర్లు నడిచాక మరోసారి అన్ని నట్లూ చూసుకోవాలి. అప్పుడే ఇంటివాళ్లను ఎక్కించుకోవాలి.

ఈ పనులన్నీ చేయించే సరికి రంగుకూ సీట్లకూ అయినంత సమయం పడుతుంది. చూసేవాళ్లెవరూ మెచ్చుకోరు. బండి కింద దూరి టై రాడ్ చూసి 'ఆహా' అన్న చుట్టం ఇంతవరకూ పుట్టలేదు! కానీ తాత ఆ కారు కొన్నది మెప్పు కోసమే కాదు, ఇంటిల్లిపాదినీ క్షేమంగా తీసుకుపోవడానికి కూడా. బండికి తిరిగి ఇవ్వాల్సింది ముందు ఆ పనే. రంగు మాట తర్వాత చూసుకోవచ్చు.